మొక్కల ఎరుక: పోతున్నదా, మారుతున్నదా?

పొలంలో కొడవలి తగిలి వేలు తెగితే తెలుగు పల్లెల్లో ముందుగా చేతికి అందేది గాయపాకు. గట్టు మీది నాలుగాకులు దూసి, అరచేతిలో నలిపి, పసరు గాయం మీద పిండుతారు. కొన్నిచోట్ల దీన్నే గడ్డి చేమంతి అంటారు, కొన్నిచోట్ల నల్లాలం అంటారు. తాతల నాటి వైద్యం అనగానే చాలామందికి గుర్తొచ్చే మొక్కల్లో ఇదొకటి. కానీ దీని పుట్టిల్లు మధ్య అమెరికా. కొలంబస్ ప్రయాణాల తర్వాతే అది మన గట్లెక్కింది. చరకుడికీ సుశ్రుతుడికీ ఈ మొక్క తెలియదు. కొత్తగా మొలిచిన కలుపును ఏ రైతో, ఏ పశువుల కాపరో నలిపి చూసి, ఫలితం గమనించి, పక్కవాళ్లకు చెప్పి ఉండాలి. అలా కొన్ని తరాల్లోనే అది మన సొంతమైంది.

స్థానిక ప్రజలకు మొక్కల గురించి తెలిసిన విషయాలు కాలంతోపాటు ఏమవుతున్నాయి అనే చర్చ దశాబ్దాలుగా సాగుతోంది. అంతరించిపోతున్నాయని ఒక పక్షం అంటుంది. ఎప్పుడూ మారుతూనే వచ్చాయని మరో పక్షం అంటుంది. నష్టం అసలు జరిగేది జ్ఞానానికి కాదు, దాన్ని బతికించే పనికీ నేలకూ అని మూడో పక్షం వాదిస్తుంది. వీటి మధ్యలోకి పేటెంట్ల తగాదాలు, జీవవైవిధ్య చట్టాలు, భాషల అంతర్ధానం వచ్చి చేరాయి. దాంతో ఎవరు ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నారో తెలియనంతగా చర్చ చిక్కుపడింది. ఆ చిక్కును కొంతైనా విడదీయడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాసుకున్నవాళ్లు, చెప్పినవాళ్లు

ఈ ఎరుకను కాగితం మీద పెట్టే పని మన తీరాల్లో చాలా ముందే మొదలైంది. కొచ్చిలోని డచ్చి అధికారి వాన్ రీడ్ తయారు చేయించిన ‘హోర్టస్ మలబారికస్’ 1678 నుంచి 1693 వరకు 12 సంపుటాలుగా అచ్చయింది. అందులో ఒక మేలైన సంగతి ఉంది. మొక్కల గుణాలు చెప్పిన ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడి పేరు, ఆయన ఇచ్చిన వాంగ్మూలం పుస్తకంలోనే ఉన్నాయి.

వందేళ్ల తర్వాత తెలుగు నేల మీద అంతటి పని చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో తోట వేసి, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు సంపుటాల గ్రంథం తెచ్చాడు. మొక్కల తెలుగు పేర్లు రాసుకున్నాడు. సోమిద చెట్టు బెరడు జ్వరానికి పనిచేస్తుందని ఇక్కడివాళ్ల ద్వారా తెలుసుకుని, దక్షిణ అమెరికా సింకోనా బెరడుకు ప్రత్యామ్నాయంగా ప్రచారం చేశాడు. ఆ చెట్టు శాస్త్రీయ నామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగాలో మన సోమిద ఈనాటికీ పలుకుతోంది. పేర్లు నిలిచాయి. ఆ పేర్లు చెప్పిన మనుషులు మాత్రం ఆ సంపుటాల్లో కనబడరు. ఈ చర్చలో ఇప్పటికీ రగులుతున్న న్యాయ ప్రశ్నకు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

అమెరికా వృక్షశాస్త్రవేత్త హార్ష్‌బర్గర్ 1895లో ఈ అధ్యయనానికి ఎత్నోబోటనీ అని పేరు పెట్టాడు. స్వతంత్ర భారతంలో జానకీ అమ్మాళ్, ఎస్.కె. జైన్ దీనికి పునాదులు వేశారు. 1982లో మొదలైన అఖిల భారత ఎత్నోబయాలజీ సమన్విత పరిశోధన పథకం దేశమంతటా గిరిజన ప్రాంతాల్లో వివరాలు సేకరించింది. తెలుగు విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర విభాగాల నుంచి చెంచులు, కోయలు, కొండరెడ్లు, సవరల మొక్కల వాడకం మీద ఎన్నో సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. వీటిలో చాలావాటిది ఒకే సాంచా: మొక్క పేరు, స్థానిక నామం, వాడే భాగం, ఏ జబ్బుకు. ఎవరు చెప్పారు, వాళ్ల వయసెంత, చివరిసారి ఎప్పుడు వాడారు అన్నవి అరుదు. అందువల్ల పాత జాబితానూ కొత్త జాబితానూ పక్కపక్కన పెట్టి ‘ఇంత పోయింది’ అని నిక్కచ్చిగా చెప్పడం మన దగ్గర కష్టమవుతోంది.

పోతున్నదనే వాదం

ఈ పక్షానికి అన్నిటికంటే గట్టి ఆధారం బొలీవియా అడవుల్లోని త్సిమానే ప్రజల మధ్య దొరికింది. విక్టోరియా రెయెస్ గార్సియా బృందం 2000లోనూ 2009లోనూ అక్కడి పెద్దవాళ్లు చెప్పిన మొక్కల ఉపయోగాలను పోల్చింది. ఏడాదికి 1 నుంచి 3 శాతం చొప్పున తగ్గుదల కనిపించింది. పట్టణాలకు దగ్గరగా ఉన్నవాళ్లలో ఆ తగ్గుదల ఎక్కువ. వెనెజువేలాలోని పియరోవా ప్రజల మీద స్టాన్‌ఫర్డ్ జెంట్ చేసిన అధ్యయనంలో బడి చదువు, రెండో భాష పెరిగినకొద్దీ మొక్కల పేర్లు చెప్పగల శక్తి తగ్గింది.

భాష కోణం నుంచి మరో హెచ్చరిక 2021లో వచ్చింది. కామరా లెరెట్, బాస్కోంప్టే అనే పరిశోధకులు ఉత్తర అమెరికా, వాయవ్య అమెజాన్, న్యూగినీలలోని 230 దేశీ భాషల్లో నమోదైన 12,495 ఔషధ వాడకాలను లెక్కగట్టారు. వాటిలో 75 శాతానికి పైగా ఒకే ఒక్క భాషవాళ్లకు తెలిసినవి. మొక్క బతికే ఉన్నా భాష పోతే ఆ వాడకం పోతుందన్నది వాళ్ల వాదం. మన గదబ, కొలామి, కువి భాషల స్థితి తెలిసినవాళ్లకు ఈ లెక్క గుండెల్లో గుచ్చుకుంటుంది.

అయితే ఈ వాదానికి నల్లమల ఒక ప్రశ్న వేస్తుంది. చెంచులు మాట్లాడేది తెలుగే. తెలుగు మాట్లాడినంత మాత్రాన వాళ్లకు అడవి రాకుండా పోలేదు. ఏ తీగ కింద దుంప ఊరింది, ఏ పూత తర్వాత ఏ చెట్టు మీద తేనె పడుతుంది అన్నది మైదానపు తెలుగువాళ్లకు తెలియదు, పెంటలనే అడవి గూడేల్లో ఉండే చెంచులకు తెలుసు. కాబట్టి భాష ఒక పెద్ద గాదె అయినా అదే ఏకైక గాదె కాదు. ఆ భాషల లెక్కను నేరుగా మన కొండలకు అతికించడం తొందరపాటు.

కొలతల చిక్కు ఇంకోటి ఉంది. చాలా అధ్యయనాలు ఒకే సమయంలో ముసలివాళ్లనూ కుర్రవాళ్లనూ ప్రశ్నించి, కుర్రవాళ్లకు తక్కువ తెలుసు గనుక జ్ఞానం పోతోందని తేల్చేస్తాయి. పాతికేళ్లవాడికి డెబ్భై ఏళ్లవాడి అనుభవం ఏ కాలంలోనూ లేదు. ఇల్లు, పిల్లలు, జబ్బులు మీద పడ్డాకే చాలామంది మందాకులు నేర్చుకుంటారు. త్సిమానే అధ్యయనం విలువ అంతా ఏళ్ల ఎడంతో రెండుసార్లు కొలవడంలోనే ఉంది. అలాంటివి ప్రపంచంలోనే తక్కువ.

మారుతున్నదనే వాదం

రెండుసార్లు కొలిచిన మరో అధ్యయనం సరిగ్గా తలకిందులైన ఫలితం ఇచ్చింది. మెక్సికోలోని చియాపాస్ కొండల్లో సెల్తల్ మాయా పిల్లలను 1960ల చివర బ్రయాన్ స్ట్రాస్ కాలిబాట వెంట నడిపిస్తూ మొక్కల పేర్లు అడిగాడు. 30 ఏళ్ల తర్వాత రెబెక్కా జార్గర్, జాన్ రిచర్డ్ స్టెప్ అదే ఊళ్లో అదే పద్ధతిలో మళ్లీ అడిగారు. ఈలోగా రోడ్డు, బడి, సంత అన్నీ వచ్చాయి. పిల్లల ఎరుక మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. వాళ్లు ఇంకా పెరట్లో, చేలో, కట్టెల కోసం వెళ్లే దారిలో పెద్దవాళ్లతో పనిచేస్తూనే ఉన్నారు. బడి వచ్చినా పని ఆగలేదు. ఈ వివరం మీద ఉండాల్సినంత దృష్టి పడలేదని నాకనిపిస్తుంది.

ఔషధ మొక్కల విషయంలో రాబర్ట్ వోక్స్ మరో మెలిక చూపించాడు. జానపద వైద్యం దట్టమైన కన్యారణ్యంలోంచి పుడుతుందని మనం ఊహించుకుంటాం. చాలా సమాజాల మందాకుల్లో పెద్ద వాటా దారిపక్క మొక్కలది, బీడు భూముల కలుపుది. ఉత్తరేణి, నేలఉసిరి, తుమ్మి, గలిజేరు, జిల్లేడు, ఉమ్మెత్త వంటి మన జాబితా చూసుకున్నా అంతే. ఇవి ఇంటి చుట్టూ, చేల గట్లపై దొరికేవి. అడవి తగ్గితే మందులన్నీ పోతాయన్న లెక్క ఇక్కడ సరిపోదు.

బ్రెజిల్ పరిశోధకుడు అల్బుకెర్క్ పరాయి మొక్కల గురించి చెప్పింది గాయపాకుకు చక్కగా సరిపోతుంది. స్థానిక వైద్యంలో ఖాళీ ఉన్నచోటికి కొత్త మొక్క వచ్చి చేరుతుందని, పాతదాన్ని తోసేయాల్సిన అవసరం లేదని ఆయన ప్రతిపాదన. మన నేల మీద ఉదాహరణలకు కొదవ లేదు. మడగాస్కర్ నుంచి వచ్చిన బిళ్లగన్నేరు చక్కెర జబ్బుకు నాటుమందైంది. అమెరికా నుంచి వచ్చిన సర్కారు తుమ్మ వంటచెరకుకూ బొగ్గుకూ దిక్కైంది. మిరప, వేరుశెనగ, జామ, బొప్పాయి లేని తెలుగు వంటనూ పెరటినీ ఈనాడు ఊహించలేం. 1950లలో మన దేశంలో బయటపడిన వయ్యారిభామ మాత్రం ఒంటికి తగిలితే దురద, పశువుకు మేత కాదు అన్న హెచ్చరికగా జనం ఎరుకలో చేరింది. ప్రమాదం తెలియడం కూడా జ్ఞానమే. మూలికల జాబితాల్లో దానికి చోటుండదు.

ఈ పక్షంలో అందరికంటే తూచి మాట్లాడింది గోమెజ్ బగెతున్, రెయెస్ గార్సియా. త్సిమానేల మధ్య తగ్గుదల కొలిచిన రెయెస్ గార్సియానే ఇక్కడ రెండో రచయిత. 2013లో వాళ్లు సూచించింది ఇది: ఏ ముక్క పోయింది, ఏ ముక్క వచ్చింది అని లెక్కించడం ఒకటి, కొత్త జ్ఞానాన్ని పుట్టించి, పరీక్షించి, అందించే శక్తి ఆ సమాజంలో మిగిలిందా అని చూడడం వేరొకటి. రెండోదే ముఖ్యం. నేనూ ఈ మాట వైపే మొగ్గుతాను, ఒక షరతుతో. ఆ శక్తికి చేతికింద నేల ఉండాలి, చేయడానికి పని ఉండాలి.

పని పోయినచోట

మచిలీపట్నం, పెడన కలంకారీలో ఎరుపుకు ఒకప్పుడు ఆధారం చిరువేరు. తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క. దాని సన్నని వేళ్లను తవ్వి, ఎండబెట్టి, దంచి రంగు తీసేవారు. 17వ శతాబ్దపు ఐరోపా వర్తకులు నిజాంపట్నం ప్రాంతపు చిరువేరు గురించి రాసుకున్నారు. ఎక్కడి వేరు మంచిది, ఎన్నేళ్ల వేరు ముదురు రంగిస్తుంది అన్నది తవ్వేవాళ్లకు తెలిసిన విద్య. 1868లో జర్మనీలో గ్రేబ్, లీబర్మన్ అలిజరిన్‌ను కృత్రిమంగా తయారు చేశారు. ఐరోపా మంజిష్ఠలోనూ మన చిరువేరులోనూ ఎరుపునిచ్చేది ఆ పదార్థమే. కొన్ని దశాబ్దాల్లో డబ్బాలో వచ్చిన అలిజరిన్ వేరును మార్కెట్లోంచి తోసేసింది.

ఇప్పుడు పెడన కార్ఖానాలో చూడండి. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన కసిం అచ్చుతో నలుపు వేస్తారు. ఎరుపు రావలసినచోట పటిక అద్దుతారు. ఆ తర్వాత రంగు బానలో ఉడికిస్తే పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పడుతుంది. ఈ వరుస మొత్తం పాతదే. మారింది చాలాచోట్ల బానలో పడే సరుకు. కరక్కాయ గురించి ఎంత తెలియాలో అంతా తెలుసు. చిరువేరు ఎక్కడ తవ్వాలో, ఏ నేలలో మంచి వేరు దొరుకుతుందో తెలిసినవాళ్లు కరువయ్యారు. ఒకే వృత్తిలో, ఒకే బట్ట మీద, ఒక మొక్క ఎరుక బతికింది, ఇంకో మొక్క ఎరుక పోయింది. పోయింది పోనివ్వమని ఎవరూ అనుకోలేదు. ఆ వేరు తవ్వితే కూలి గిట్టని రోజు వచ్చింది, అంతే.

ఇలాంటి విభజనే తెలంగాణ మెట్ట చేలలో ఆడవాళ్ల కొంగుల్లో కనిపిస్తుంది. జొన్న, కంది, మినుము కలిపి వేసిన చేలో కలుపు తీసే కూలీలు తుమ్మికూర, గునుగు, పొన్నగంటి, చెంచలి, దొగ్గలి ఏరుకుని సాయంత్రం వండుకునేవారు. ఎవరూ విత్తని, ఎవరూ నీళ్లు పెట్టని కూరలు ఇవి. ఏది లేతగా ఉన్నప్పుడే తినాలి, ఏది ఉడికించి నీళ్లు పారబోయాలి, బాలింతకు ఏది పెట్టాలి అన్న తెలివి కలుపు తీసే చేతుల్లో ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో పనిచేసే దళిత మహిళా రైతులు ఈ కూరలను మళ్లీ పండుగల్లోకి, పళ్లెంలోకి తెచ్చిన తీరు గర్వించదగ్గది. పత్తి చేలల్లో కలుపుమందు కొట్టడం అలవాటైన చోట ఆ కూరలూ లేవు, ఆ కలుపు పనీ లేదు. అక్కడి అమ్మాయికి చెంచలి తెలియకపోవడం బడికి పోవడం వల్ల కాదు. చేలో చెంచలి మొలవడమే మానేసింది.

ఇంకో వింత చూడండి. గునుగు వంటింట్లో మరుగునపడినా బతుకమ్మలో మాత్రం నిలిచింది, అదీ రంగులద్దిన కట్టగా బజారులో కొనుక్కుంటూ. వినాయక చవితి 21 పత్రిదీ అదే దారి. వరుసగా పేర్లు చదువుతాం. చేతిలో ఉన్న ఆకుల్లో ఏది బృహతి, ఏది సింధువారం అంటే చెప్పగలవాళ్లు ఇంటికొకరైనా ఉండడం కష్టం. పేరు మిగిలి ఆకు పోయిన ఉదాహరణలివి. పేర్లు చెప్పించి జ్ఞానం కొలిచే పరిశోధన పద్ధతులకు ఇక్కడ తప్పుడు మార్కులు వస్తాయి.

నల్లమల కథ మరింత బరువైనది. ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన చెంచుల గ్రంథంలో అడవి దుంపలు తవ్వుకోవడం జీవనానికి నడుమ ఉంది. 1983 తర్వాత రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తగ్గింది, దుంపల మీద ఆధారపడడమూ తగ్గింది. దీన్ని నష్టం అని ఏడవడం అన్నం తిన్నవాడికే చెల్లుతుంది. అదే కాలంలో పులుల అభయారణ్యం నిబంధనలు పెరిగి, అడవిలో తిరగడానికీ సేకరణకూ ఆంక్షలు వచ్చాయి. మొదటిది ఎంపికను పెంచింది, రెండోది ఎంపికను తీసేసింది. ఫలితం పైకి ఒకేలా కనిపిస్తుంది: కుర్రవాడికి దుంపలు తెలియవు. కారణాలు రెండూ వేరు, పరిష్కారాలూ వేరే. పోలవరం ముంపు నుంచి మైదానపు కాలనీలకు చేరిన కొండరెడ్లకు, కోయలకు జీలుగు చెట్టు, అడ్డాకు తీగ వెనకే ఉండిపోయాయి. వాళ్లకు తెలిసిందంతా ఇంకా తెలుసు, వాడే చోటు లేదు.

మార్కెట్ ఎప్పుడూ చెరుపే చేస్తుందని అనలేం. తపసి చెట్టుకు ఇష్టమొచ్చినట్టు గొడ్డలి గాట్లు పెట్టి బంక తీస్తే చెట్లు చచ్చేవి. చిన్న గాటు పెట్టి, మాననిచ్చి, శుభ్రమైన బంక తీసే పద్ధతిలో శిక్షణ వచ్చాక మంచి ధర పలికింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోళ్లు ఆ మార్పుకు ఊతమిచ్చాయి. ఆ పద్ధతి ఇప్పుడు గిరిజనుల సొంత నైపుణ్యం. మరోవైపు, ఆ సంస్థ డిపో కొనే సరుకు గురించే పిల్లలకు నేర్పడం, కొనని మొక్క మరుపున పడడం కూడా జరుగుతోంది. మారేడు గడ్డల్లాంటివి ధర పలికి, వేళ్లతో సహా పెకిలించుకుపోయాయి.

రాసిపెడితే నిలుస్తుందా

పసుపుతో గాయాలు మాన్పడం మీద అమెరికాలో 1995లో పేటెంట్ ఇచ్చారు. సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. వేప మీద ఐరోపా పేటెంట్ 2000లో రద్దయి, 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. ఈ దెబ్బలతో 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల యోగాలను పేటెంట్ పరిశీలకులకు అర్థమయ్యే భాషల్లో పెట్టింది. దొంగతనాలను ఆపడంలో దాని మేలు కాదనలేం. కానీ అది నిలబడింది గ్రంథాల మీద. గ్రంథంలో లేని కొండరెడ్డి వైద్యం దాని గుమ్మం బయటే ఉంది.

ఆ లోటు తీర్చాల్సినవి 2002 జీవవైవిధ్య చట్టం కింది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు. దేశంలో 2 లక్షలకు పైగా తయారయ్యాయి. గడువుల ఒత్తిడితో నింపినవి ఎక్కువన్న విమర్శ బలంగా ఉంది. ఒకసారి రాసి బీరువాలో పెట్టిన పుస్తకం మార్పును పట్టలేదు. ప్రతి కొన్నేళ్లకూ అదే ఊళ్లో, చెప్పేవారి వయసు, పని సహా తిరగరాస్తే మన దగ్గర లేని పోలిక ఆధారం అక్కడే పుడుతుంది.

ఈ జ్ఞానం నుంచి వచ్చే లాభాల పంపకం విషయంలో అందరూ చెప్పే ఉదాహరణ కేరళ కాణి తెగది. 1987లో అగస్త్యమలలో కాణి యువకులు అలసట తీరడానికి తింటున్న పండును పరిశోధకులు గమనించారు. ఆ మొక్క నుంచి ‘జీవని’ అనే మందు వచ్చింది. 1995లో కోయంబత్తూరు కంపెనీకి లైసెన్సు ఇచ్చి, రుసుములో సగం కాణులకు కేటాయించారు. అయితే తెగలోని వైద్యులు కొందరు, ఈ రహస్యం బయటపెట్టే హక్కు ఆ యువకులకు ఎవరిచ్చారని అడిగారు. మొక్క సేకరణ దగ్గర అటవీ శాఖతో చిక్కులొచ్చాయి. సమాజం అంటే ఎవరు అన్న ప్రశ్నను చట్టం దాటేయగలదేమో, ఊరు దాటేయలేదు. జీవవైవిధ్య చట్టానికి 2023లో చేసిన సవరణ గ్రంథస్థ జ్ఞానాన్ని వాడుకునేవారికి లాభాల పంపకం నుంచి మినహాయింపు ఇచ్చింది. గ్రంథానికీ నోటిమాటకూ మధ్య గీత గీయడం కొండల్లో సాధ్యమా అన్నది నా భయం. అదే ఆకు, అదే జబ్బు రెండుచోట్లా ఉంటాయి.

ఎక్కడ కలుస్తారు, ఎక్కడ విడిపోతారు

మూడు పక్షాలనూ పక్కపక్కన పెడితే తగాదా అనుకున్నంత పెద్దది కాదు. క్షీణత పక్షం పేర్లు, ఉపయోగాలు లెక్కిస్తుంది, బడినీ పట్టణాన్నీ భాషా నష్టాన్నీ కారణాలంటుంది, రాసిపెట్టడం పరిష్కారమంటుంది. మార్పు పక్షం కొత్తగా చేరినవాటిని లెక్కిస్తుంది, ఇచ్చిపుచ్చుకోవడాన్ని సహజమంటుంది. నష్టపు బాధను కొన్నిసార్లు తేలిగ్గా తీసుకుంటుంది, అది దాని లోపం. పనీ నేలా ముఖ్యమనే పక్షం కూలి, అడవి హక్కు, పంట పద్ధతి వైపు చూస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక సంప్రదాయ జ్ఞానం మీద హక్కును అడవిలోకి వెళ్లే హక్కుతో కలిపి గుర్తించడం ఈ పక్షానికి బలం. సెల్తల్ పిల్లలు, పెడన బాన, జహీరాబాద్ చేలు చూశాక నేను ఈ మూడోదాని వైపే నిలబడతాను.

తేలనివి

వచ్చేది పోయేదానికి సరితూగుతుందా అన్న ప్రశ్నకు ఇంకా జవాబు లేదు. గాయపాకు నేర్చుకున్న సమాజం అదే కాలంలో ఏమి మరిచిపోయిందో ఎవరూ రాసిపెట్టలేదు. గట్టు మీది కలుపు గురించి కొత్తగా నేర్చుకోవడం తేలిక. ఏళ్ల తరబడి వెంట తిరిగితేగాని రాని అడవి దుంపల ఎరుక పోతే తిరిగి రావడానికి ఎన్ని తరాలు పడుతుందన్నది ఇంకా కష్టమైన ప్రశ్న.

కొత్త జబ్బు వచ్చినప్పుడు జనం ఏం చేస్తారన్నదీ తేలాల్సి ఉంది. 2021 మేలో కోవిడ్ రెండో అల వేళ నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో మూలికల మందు కోసం వేలమంది బారులు తీరారు. తెలిసిన మొక్కలతో తెలియని జబ్బుకు యోగం కట్టడం స్థానిక జ్ఞానం పెరిగే దారుల్లో ఒకటి. గాయపాకుకు ఊరూరా, ఏళ్లకేళ్లు పరీక్ష జరిగింది. వారం రోజుల్లో రాష్ట్రమంతా పాకిన మందుకు ఆ పరీక్ష జరిగే వ్యవధి ఎక్కడిది? స్థానిక పరీక్షకూ ప్రయోగశాల పరీక్షకూ మధ్య రెంటినీ గౌరవించే ఏర్పాటు మనకింకా లేదు.

ఆడవాళ్ల ఎరుక లెక్కలోకి వచ్చిందా అన్నది చివరిది, అన్నిటికంటే పాతది. రాక్స్‌బర్గ్ నాటి నుంచి నిన్నటి సిద్ధాంత గ్రంథం దాకా ఎక్కువగా అడిగింది వైద్యుణ్ని, పెద్దమనిషిని. కలుపు తీసే ఆమెను, సంతలో అడ్డాకులు కుట్టి అమ్మే ఆమెను, దుంపలు తవ్వే ఆమెను అడిగినవాళ్లు తక్కువ. వాళ్లను అడగడం మొదలుపెట్టిన రోజున పై మూడు పక్షాల లెక్కలూ తిరగరాయాల్సి రావచ్చు.